పన్నెండుమందిలో చిన్నమ్మ

నా మొదటి ఉద్యోగం నల్లటి ఆడపిల్లలను తెల్లగా చేయడం. సబ్బుల కంపెనీలో కాదు, తమిళనాట కృష్ణగిరి బస్టాండు వెనకాల ఉన్న ఒక ఫొటో స్టూడియోలో. తొంభైల చివర్లో నా ప్లస్ టూ అయిపోయింది. ఇంట్లో ఊరికే కూర్చుని ఏం చేస్తుందని మా నాన్న నన్ను అక్కడ చేర్పించాడు. నాకు చిన్నప్పటి నుంచీ బొమ్మలు వేయడం వచ్చు. ఆ విద్యతో లోకానికి సేవ చేయవచ్చని స్టూడియో యజమాని కనిపెట్టాడు.

సేవ ఏమిటంటే, పెండ్లి సంబంధాలకు పంపే ఫొటోలకు మెరుగు పెట్టడం. మొదట్లో సన్న కుంచెతో, పెన్సిలుతో చేసేవాళ్ళం. తర్వాత కంప్యూటరు వచ్చి మా ధర్మకార్యాన్ని వేగవంతం చేసింది. ఆడపిల్లల అమ్మానాన్నలు వచ్చి, కౌంటరు మీద మోచేతులు ఆనించి, అందరూ ఒకే మాట చెప్పేవాళ్ళు: "ఉండేది ఉండేట్టే ఉండాలమ్మా. కానీ కొంచెం తెల్లగా తియ్యి." ఉండేది ఉండేట్టే ఉంటే తెల్లగా ఎట్లా వస్తుందో వాళ్ళూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ముక్కులు సన్నం చేశాను, మొటిమలు ఊడ్చాను, మెడ కింద నలుపు తుడిచాను. ఇటు వేప్పనపల్లి నుంచి అటు ఊత్తంగరై దాకా తోటల్లో, మళ్ళలో ఎండకు మాడిన పిల్లలందరినీ నీడపట్టున పెరిగినవాళ్ళలా చేసి పంపాను. సూర్యుడి మీద అన్ని గెలుపులు గెలిచిన మనిషి ఆ జిల్లాలో ఇంకొకరు లేరు.

మా చిన్నమ్మ సంగతి చెప్పాలి. మా అమ్మకు ఆఖరి చెల్లెలు, నాకంటే పదేళ్ళు పెద్దది. వేప్పనపల్లి దగ్గర మా తాతకున్న మామిడితోటలో మగవాళ్ళతో సమానంగా కాయల క్రేట్లు మోసేది. పొడుగాటి మనిషి, వెడల్పాటి భుజాలు, బాగా వాడిన దోసె పెనం రంగు, ముందు పళ్ళ మధ్య చిన్న సందు. కుడి ముంజేతి మీద చిన్నప్పుడెప్పుడో పొడిపించుకున్న పచ్చబొట్టు, రెండు వరసల చుక్కల మధ్య ఒక తేలు. ఆమె నవ్వితే పక్క తోటలో కాపలావాడు కూడా నవ్వేవాడు, ఎందుకో తెలియకుండానే.

ఆమెకు అప్పటికి ఇరవై ఎనిమిది. ఊరి లెక్కలో ముసలిదే. అంతకుముందు రెండుసార్లు పెళ్ళిచూపులు జరిగాయి. వచ్చినవాళ్ళు కాఫీ తాగారు, కారప్పూస తిన్నారు, నడిచి చూపించమన్నారు, "ఇంటికి పోయి కబురు చేస్తాం" అన్నారు. మావైపు కబురు చేస్తాం అంటే కబురు రాదని అర్థం. మూడోసారి ఊత్తంగరై నుంచి సంబంధం ఉందని తెలిసినప్పుడు మా అవ్వ నావైపు చూసింది. ఇంట్లోనే ఇంత పెద్ద డాక్టరు ఉండగా చిన్నమ్మకు రోగమెందుకు? రెండు రోజులు కూర్చుని ఆ ఫొటో చేశాను. భుజాలు తగ్గించాను. పళ్ళ సందు పూడ్చాను. తేలును చంపాను. రంగు సంగతి చెప్పనే అక్కర్లేదు, పాలల్లో ఒక చెంచా కాఫీ డికాక్షన్ వేసినంత ఉంచాను, సహజంగా ఉండాలి కదా.

ఫొటో చూసి ఊత్తంగరైవాళ్ళు వెంటనే బయలుదేరి వచ్చారు. నా జీవితంలో అంత తొందరగా ఫలించిన పని అదొక్కటే. చిన్నమ్మ కాఫీ లోటాల తట్ట తీసుకుని వసారాలోకి వెళ్ళింది. అందరికీ ఇచ్చింది. పెళ్ళికొడుకు తల్లి లోటా అందుకుని, సంచిలోంచి ఫొటో తీసి, అటూ ఇటూ చూసి అడిగింది: "ఈ పాప యాడమ్మా?"

నేను తలుపు వెనకాలే ఉన్నాను. చిన్నమ్మే మాట్లాడింది. "లోపలుండాదమ్మా. పిలుచుకొస్తా" అని తట్ట కింద పెట్టి, లోపలికి వచ్చి, నన్ను దాటుకుని, పెరటి వాకిలి గుండా తోటకు వెళ్ళిపోయింది. వాళ్ళు చాలాసేపు కూర్చున్నారు. ఆ పాప ఇప్పటిదాకా బయటికి రాలేదు.

ఆ రోజు ఇంట్లో అందరూ ఊత్తంగరైవాళ్ళను తిట్టారు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు, పైగా ఫొటో బాగా వచ్చిందన్నారు. సాయంత్రం తోటలో చిన్నమ్మ దగ్గరికి పోతే ఆమె క్రేట్లు సర్దుతూ తల ఎత్తకుండానే అంది: "అంత బాగా ఎందుకు చేసినావే? ఆ పాపను చూసినాక నన్నెవురు చూస్తారు?" నాకు ఏడుపు వచ్చింది. ఆమే నన్ను ఓదార్చింది. తర్వాత ఆమె ఇంకెవరికీ ఫొటో ఇవ్వలేదు, కాఫీ తట్ట పట్టలేదు.

నేను మాత్రం పైకొచ్చాను. హోసూరులో కంప్యూటర్ బొమ్మల కోర్సు చేసి, రెండువేల ఐదో ఆరో, అక్కడే ఒక ఆఫీసులో చేరాను. బాగలూరు రోడ్డులో టైర్ల కొట్టు పైన మా ఆఫీసు. విదేశాల్లో అమ్మే వీడియో గేములకు మనుషుల బొమ్మలు తయారుచేయడం మా పని. ఆటలు దొరలవి, బొమ్మలు మావి. కింద టైర్లకు ప్యాచీలు వేసేవాళ్ళు, పైన మేము ఆడవాళ్ళకు. పదిహేను మందిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే కాబట్టి, ఆడబొమ్మల పనంతా "అక్కకు తెలుస్తుంది" అని నాకిచ్చారు.

నాకు తెలిసిందేమిటో వాళ్ళకు అక్కర్లేదని మొదటి వారంలోనే అర్థమైంది. కంప్యూటర్లో మనిషిని చిన్న చిన్న త్రికోణాలతో అతుకుతారు. ఒక్కో బొమ్మకు ఇన్నే త్రికోణాలు అని దొర రేషన్ పెడతాడు. మగబొమ్మకైతే ఆ రేషన్ ఒళ్ళంతా సమంగా పంచాలి. ఆడబొమ్మకు అట్లా కాదు. మొదటి పంక్తిలో రొమ్ములు కూర్చుంటాయి, రెండో పంక్తిలో జుట్టు, మూడో పంక్తిలో పిరుదులు. ముక్కూ చేతివేళ్ళూ గిన్నె అడుగున మిగిలింది గోక్కుని తినాలి. వేళ్ళు లేని చేతులతోనే మా వీరనారులు కత్తులు తిప్పేవాళ్ళు.

కవచాల గురించి కూడా చెప్పాలి. మగవీరుడికి మెడ నుంచి మడమ దాకా ఇనుము. ఆడవీరురాలికి కూడా ఇనుమే, కాకపోతే సరిగ్గా గుండె ఉన్నచోట కిటికీ తెరిచి పెట్టారు. పొట్ట దగ్గర వాకిలే. శత్రువు వెతుక్కోవాల్సిన పని ఉండకూడదన్న మర్యాద కాబోలు. మంచుకొండల మీద యుద్ధానికి ఎత్తుమడమల చెప్పులు. మా ఆఫీసు మెట్ల మీద రబ్బరు చెప్పులతోనే నేను రెండుసార్లు జారాను.

అందం మీద నాకేమీ పగ లేదు, అది ముందే చెప్పుకోవాలి. నేనూ పౌడరు పూసుకునే బస్సెక్కుతాను. ఆ బొమ్మల కళ్ళూ పెదవులూ దిద్దుతూ ఉంటే చేతికి హాయిగానే ఉండేది. నా బాధ వాళ్ళు అందంగా ఉన్నారని కాదు, అందరూ ఒకే అందంగా ఉన్నారని.

ఎందుకంటే అప్పుడు మేము చేస్తున్న ఆటకు దొర పంపిన మొదటి ఆజ్ఞ ఇది: ఈ ఆటలో ఆడవీరులు పన్నెండుమంది, పన్నెండు దేశాలవాళ్ళు, రకరకాలుగా ఉండాలి, ప్రపంచంలో ప్రతి ఆడపిల్లా తనను తాను ఇందులో చూసుకోవాలి. చదివి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. మా టీం లీడరు, డెంకణికోటవైపు తెలుగబ్బాయి, నాకంటే నాలుగేళ్ళు చిన్నవాడు, ఆ ఆజ్ఞను ఒక్క పూటలో అమలు చేశాడు. ఒకే ఒళ్ళు చేయించాడు. దాన్ని పన్నెండుసార్లు అచ్చు గుద్దాడు, ఇటుకల బట్టీలో గుద్దినట్టు. ఆఫ్రికా పిల్లకు ఒక రంగు, చైనా పిల్లకు రెండు జడలు, రష్యా పిల్లకు బొచ్చు టోపీ. ముక్కు పన్నెండుమందికీ ఒకటే, అక్కాచెల్లెళ్ళు పంచుకునే కమ్మల మాదిరి. వయసులో కూడా వైవిధ్యం ఉండాలని దొర రాశాడు, అందుకని ఒకరికి ఇరవై, ఒకరికి ఇరవై ఒకటి, బాగా పెద్దావిడకు ఇరవై మూడు.

పన్నెండోది ఇండియా పిల్ల. లీడరు తనే చేశాడు. మోకాళ్ళ పైకి కత్తిరించిన చీర, బొడ్డులో ముత్యం, నుదుట రూపాయి బిళ్ళంత బొట్టు, పాలరంగు. అతను చూపించి అడిగాడు: "ఎట్లుండాది అక్కా?"

"ఈ పిల్లను నువ్వు యాడ చూసినావప్పా?" అన్నాను.

"యాడా చూళ్ళేదక్కా. అందుకే గదా చేసేది" అన్నాడు.

నిజాయితీగా చెప్పాడు కాబట్టి కోపం రాలేదు. ఇండియా పిల్లను నేను చేస్తాను, రెండూ పంపుదాం, దొర ఏది మెచ్చితే అది, అన్నాను. అతను మంచివాడు, సరేనన్నాడు. ఆఫీసు వీడియో కెమెరా కూడా ఇచ్చాడు. ఆ శనివారం బస్సెక్కి, కృష్ణగిరిలో మారి, వేప్పనపల్లికి పోయాను. మామిడి కోతలు జరుగుతున్నాయి. చిన్నమ్మ తల మీద క్రేటుతో వస్తూ కెమెరా చూసి ఆగింది.

"ఏందే, మళ్ళా పెండ్లి చూపులా?"

ఆట సంగతి చెప్పాను. మొదట పన్నెండుమంది ఆడవాళ్ళు తెర మీద వరసగా నిలబడతారు, ఆడేవాడు చూసి ఒకరిని ఎంచుకుంటాడు, అన్నాను. "వరసగా నిలబెట్టి చూసి ఎంచుకుంటారా? అయితే పెండ్లి చూపులే. కాఫీ ఒకటే తక్కువ" అంది. ఎంచుకున్నాక ఏం చేస్తారని అడిగింది. "ఆట అయిపోయేదాకా ఆ మనిషితోనే యుద్ధం" అన్నాను. "అదీ పెండ్లే" అని పెద్దగా నవ్వింది.

క్రేటు దించలేదు. అట్లాగే నడిచి చూపించింది. మా ఆఫీసులో ఆడబొమ్మ నడిస్తే నడుము గడియారం లోలకంలా ఊగుతుంది, కాళ్ళు ఏదో మొహమాటానికి కదులుతాయి. చిన్నమ్మ నడకలో నడుము కదల్లేదు. మెడ నిటారుగా, పాదాలు నేలను పట్టుకుని, బరువంతా పిక్కల్లోకి దిగుతూ నడిచింది. పెళ్ళిచూపుల్లో నడిచి చూపించమంటే తల వంచుకుని నడిచిన మనిషి ఈమేనా అనిపించింది. నాలుగు వైపుల నుంచీ తీశాను. చెయ్యి చాచి తేలును కూడా తీయించుకుంది.

అంతా అయ్యాక బోరింగు దగ్గర కాళ్ళు కడుక్కుంటూ నెమ్మదిగా అడిగింది: "ఒక మాట చెప్పు. ఈసారి నన్ను నన్నుగానే పెడతావా?"

"ఒట్టు చిన్నమ్మా. ఒక్క చుక్క తెలుపు పూయను."

"పూయాకు. యాడనో, ఎవుడో ఒకడు, నన్ను చూసి ఈమె కావాల అనుకుంటే చాలు నాకు. వాని ఊరు నాకు తెలీబన్లేదు, నా ఊరు వానికి తెలీబన్లేదు. ఒక్కసారి అనుకుంటే చాలు."

ముప్పై ఆరేళ్ళ మనిషి, తోటను ఒంటి చేత్తో నడిపే మనిషి, ఆ మాట అడగడానికి నావైపు చూడలేక బోరింగు వైపు చూస్తూ అడిగింది. నేను మళ్ళీ ఒట్టు పెట్టాను, తేలు మీద చెయ్యి వేసి.

తర్వాతి మూడు వారాలు నేను పనిచేసినట్టు ఎప్పుడూ పనిచేయలేదు. రేషన్ త్రికోణాలన్నీ భుజాలకూ పిక్కలకూ పోశాను, ముక్కుకు కడుపునిండా పెట్టాను, చేతులకు అయిదేసి వేళ్ళు ఇచ్చాను. పళ్ళ సందు పెట్టాను. పెనం రంగు రావడానికి నాలుగు రోజులు పట్టింది. తెల్లగా చేయడంలో నాకున్న అనుభవమంతా నల్లగా చేయడానికి అడ్డొచ్చింది, చెయ్యి దానంతట అదే తెలుపు దిక్కు పోయేది. తెర మీద చిన్నమ్మ క్రేటు బదులు గద పట్టుకుని నడుస్తుంటే గర్వంగా మళ్ళీ మళ్ళీ నడిపించి చూసుకున్నాను. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు, అనుకోండి.

శనివారం సాయంత్రం ఆ ఫైలును పేరు రాయకుండానే ఆఫీసు కంప్యూటర్లో పెట్టి ఇంటికి పోయాను. సోమవారం పొద్దున లీడరు నా బల్ల దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "అక్కా, రాక్షసి అదిరిపోయింది! మూడో లెవెల్లో పెడదామా, ఆఖర్లో పెడదామా?" అన్నాడు. చూస్తే నా ఫైలు రాక్షసుల ఫోల్డర్లో ఉంది. ఎనుబోతు తల వాడికీ, పది చేతుల మొసలికీ మధ్యలో మా చిన్నమ్మ.

"అది రాక్షసి కాదు. మా చిన్నమ్మ" అన్నాను.

పాపం, అతని ముఖం వాడిపోయింది. "సారీ అక్కా, నిజంగా తెలీలేదు. నిజం చెప్పాలంటే మా పెద్దమ్మ కూడా అచ్చం ఇట్లే ఉంటాది" అన్నాడు. సొంత పెద్దమ్మ పోలికను రాక్షసుల గుంపులో పారేసిన మనిషి, ఆ రెండు మాటలనూ పక్కపక్కనే చెప్పి కూడా ఏమీ అనుకోకుండా టీ తాగడానికి వెళ్ళాడు. అతన్ని అని ఏం లాభం? నా చెయ్యే నాలుగు రోజులు మొరాయించింది.

రెండు బొమ్మలూ పంపాము. దొర నా బొమ్మనే మెచ్చాడు! ఎంత మెచ్చాడంటే ఒక పేజీ రాశాడు. అద్భుతం, ధైర్యం, ఇదే మాకు కావలసిన వైవిధ్యం, ఈమెను చూస్తే మట్టి వాసన వస్తోంది, అన్నాడు. పేజీ చివర్లో చిన్న కోరిక ఉంది: నడుము కొంచెం తగ్గించగలరా?

కొంచెమే కదా, తగ్గించాను. తర్వాతి వారం వయసు కొంచెం. తర్వాత భుజాలు కొంచెం, పక్క బొమ్మల కవచం ఆమెకు పట్టడం లేదట. పళ్ళ సందు చూసి బొమ్మలో పొరపాటు అనుకుంటారట, పూడ్చమన్నారు. నడక బరువుగా ఉందట, మిగతా పదకొండుమంది నడకనే ఈమెకూ వాడితే పని తగ్గుతుందట. ప్రతి మెయిలూ పొగడ్తతోనే మొదలయ్యేది. పొగిడి పొగిడి ఒక్కో ఎముకా తీశారు.

రంగు దగ్గర నేను ఎదురు తిరిగాను. అప్పుడొక మెయిల్ వచ్చింది. ఆటను ముందుగా ఆడి చూసే కుర్రాళ్ళు పన్నెండుమందిలో ఈమెను ఎంచుకోవడం లేదట. కబురు చేస్తాం అని పోయినవాళ్ళ కబురు అన్నేళ్ళకు నా బల్ల మీదికి వచ్చింది. చీకటిగా ఉంది కాబట్టి తెర మీద సరిగా కనిపించడం లేదేమో, కొంచెం వెలుతురు పెంచండి, లేకపోతే మీ లీడరు చేసిన రెండో బొమ్మను వాడుకుంటాం, అని రాశారు. రంగు అనలేదు చూడండి, వెలుతురు అన్నారు. మా స్టూడియోకు వచ్చే తల్లిదండ్రులకు ఇంత నాజూకు తెలిసుంటే బాగుండేది.

చేయనని చెప్పవచ్చు. చెప్పలేదు. చిన్నమ్మ అసలే లేకుండా పోవడం కంటే కొంచెం ఉండటం మేలు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఉద్యోగం పోతుందన్న భయం కూడా ఉంది, దాన్ని దాచి లాభం లేదు. ఆ మధ్యాహ్నం తలుపు మూసుకుని వెలుతురు పెంచాను. ఆ పనికి నాలుగు రోజులు పట్టలేదు. అరగంట చాలింది, చేతికి దారి తెలుసు. ఒక్క పచ్చబొట్టు మాత్రం దొరే ఉంచమన్నాడు, అది అసలుసిసలుగా ఉందట. అట్లా తేలు బతికింది, కుట్టే మనిషి పోయింది.

ఆట బయటికి వచ్చింది. ఆఫీసులో పన్నెండుమంది బొమ్మలతో నిలువెత్తు ఫ్లెక్సీలు వేయించి, కేకు కోసి, బిర్యానీ తిన్నాము. నెలన్నరకు దొర దగ్గర నుంచి ఇంకో మెయిల్ వచ్చింది. ఇండియా పిల్లను చాలామంది ఎంచుకుంటున్నారట. వైవిధ్యానికి జనం సిద్ధంగా ఉన్నారని దీంతో తేలిపోయిందట, అందుకు నాకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు. లీడరు దాన్ని అందరి ముందూ చదివాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

చిన్నమ్మకు నేనేమీ చెప్పలేదు. ఆమె ఆగలేదు. ఆట వచ్చిందని మా అమ్మ నోటి వెంట విని, ఒక రోజు పొద్దున్నే సంచెడు మల్గోవా కాయలతో టైర్ల కొట్టు మెట్లెక్కి వచ్చేసింది. కొత్త చీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు. ఊళ్ళో సగంమందికి చెప్పి వచ్చిందని ఆ చీరే చెబుతోంది. లీడరు లేచి కుర్చీ వేశాడు. "రండమ్మా, కూర్చోండి. మీ పాప మాకు పెద్ద పేరు తెచ్చింది" అని, నేను వద్దని సైగ చేసేలోపే ఆట పెట్టేశాడు.

తెర మీద పన్నెండుమంది వరసగా నిలబడ్డారు. చిన్నమ్మ ముందుకు వంగి ఒక్కొక్కరినే చూసింది. "బాగుండారే అందరూ. సినిమావాళ్ళ మాదిరి" అంది. ఆ మాటలో కుళ్ళు లేదు, నిజంగానే మెచ్చుకుంది. ఆఖరు దాకా చూసి మళ్ళీ మొదటికి వచ్చింది.

"నేనేది?"

ఆమె వేలు పెట్టి ఒక్కొక్కరినే దాటుకుంటూ పోయింది. పన్నెండో పిల్ల దగ్గర వేలు ఆగింది. గోధుమరంగు చెయ్యి, దాని మీద రెండు వరసల చుక్కలు, మధ్యలో తేలు. చిన్నమ్మ గాజులు పైకి తోసుకుని తన ముంజేతిని తెర పక్కన పెట్టి చూసుకుంది. తేలు పక్కన తేలు. లీడరు ఆ చేతిని చూశాడు, ఆమె ముఖం చూశాడు, ఏడాది కింద తను రాక్షసుల ఫోల్డర్లో వేసిన మనిషి ఎవరో అప్పుడు తెలిసి తల దించుకున్నాడు.

ఆమె నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది. తెర వైపే చూస్తూ మెల్లగా అడిగింది: "నేను లోపలుండానా? పిలుచుకొస్తావా?"

పన్నెండుమంది బొమ్మల ముందు, పదిహేనుమంది మనుషుల ముందు నేను ఏడ్చాను. "చానామంది నిన్నే ఎంచుకుంటా ఉండారంట చిన్నమ్మా" అన్నాను, అంతకంటే సిగ్గులేని ఓదార్పు దొరక్క. "నన్ను కాదు గదే" అంది. అంతే. సంచి తెరిచి అందరికీ రెండేసి కాయలు పంచింది, లీడరుకు మూడు. పోయేటప్పుడు గోడకు చుట్టి ఆనించిన ఫ్లెక్సీలను చూసి, తేలున్న పిల్లది ఏదో కనుక్కుని, అది తనకు ఇమ్మంది. ఇంట్లో పెట్టుకుంటుందనుకుని నా మనసు కొంచెం తేలికపడింది.

ఇంట్లో పెట్టుకోలేదు. మావైపు టమోటా తోట రోడ్డు పక్కన ఉంటే, దారిన పోయేవాళ్ళ కళ్ళు పంట మీద పడకుండా అందమైన ఆడదాని బొమ్మ కడతారు. పాత సినిమా పోస్టరో, చీరల కొట్టు ఫ్లెక్సీయో, ఏదైనా సరే. చూసేవాడు బొమ్మను చూస్తాడు, కాయను చూడడు, దిష్టి బొమ్మకే తగులుతుంది. ఆ ఏడు కుప్పం పోయే రోడ్డు పక్కన చిన్నమ్మ టమోటా వేసింది. నేను సెలవుకు పోయేసరికి నా ఇండియా పిల్ల రెండు వెదురు బొంగుల మధ్య నిలబడి, గుండె మీద కిటికీ తెరుచుకుని, తోటకు కాపలా కాస్తోంది.

ఇద్దరం కాయలు కోస్తూ ఉన్నాము. బైకు మీద పోతున్న ఒకతను ఆగాడు. తెల్లచొక్కా, ముప్పై ఐదు నలభై ఏళ్ళుంటాయి. ఫ్లెక్సీ వంక కళ్ళార్పకుండా చూసి, గట్టు మీద నుంచే కేకేశాడు: "ఎవురమ్మా ఈమె? ఏ సినిమాలో చేసింది?"

చిన్నమ్మ నడుము నిలబెట్టి, గంప చంకన పెట్టుకుని, తేలున్న చేత్తో నుదుటి చెమట తుడుచుకుంది.

"నేనేనప్పా" అంది.

అతను నవ్వాడు. మంచి హాస్యం విన్నట్టు తల ఊపుతూ నవ్వి, ఫ్లెక్సీని ఇంకోసారి చూసుకుని, బండి స్టార్టు చేసుకుని వెళ్ళిపోయాడు. అంతసేపట్లో చిన్నమ్మ వైపు ఒక్కసారి కూడా కళ్ళు తిప్పలేదు. ఆ ఏడు మా టమోటాకు ఏ దిష్టీ తగలలేదు. బొమ్మ పక్కనున్నది ఎవరి కంటా పడకుండా చేయడమే కదా దిష్టిబొమ్మ పని. అది నేను మా చిన్నమ్మకు రెండుసార్లు చేసిపెట్టాను.